కోడలి చేపలు, మామగారి నీళ్ళు

మా కోడలు ఆషాఢంలో పుట్టింటికి వెళ్ళి శ్రావణంలో చేపలతో తిరిగివచ్చింది. 1998 సంగతి. పెళ్ళి మే నెలలో అయింది. ఆషాఢ మాసమంతా కొత్తకోడలు అత్తగారి గడప తొక్కకూడదన్న ఆనవాయితీ మా కోస్తావాళ్ళకీ ఉంది, కొత్తగూడలో ఉండే మా తెలంగాణ వియ్యాలవారికీ ఉంది. సంబంధం మాట్లాడుకున్నప్పుడు రెండు వైపులా పేచీ లేకుండా ఒప్పుకున్న విషయాల్లో అదొకటి. మిగిలినవాటికి కొంచెం సమయం పట్టింది.

మేము కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో రెండు పడకగదుల ఇంట్లో ఉండేవాళ్ళం. నేను ప్రభుత్వ కార్యాలయంలో లెక్కల విభాగంలో పనిచేసి అప్పటికి రెండేళ్ళ క్రితం రిటైరయ్యాను. మావారు నాకంటే ముందే రిటైరయ్యారు. శ్రావణ మాసం మొదటి వారంలో ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. పరుపు చుట్టిన గాజు తొట్టి, దాని పక్కన కోడలు, ఆమె ఒళ్ళో గాలి నింపి ఉబ్బించిన రెండు ప్లాస్టిక్ సంచులు, ఒక్కో సంచిలో ఒక్కో చేప. ముందు సీట్లోంచి మా వియ్యపురాలు దిగింది.

"వదినా, ముందుగాల ఈ నీళ్ళు దించుకోండ్రి. గివి సస్తే మీ కోడలు అన్నం ముట్టది" అంది.

"సారె అంటే చీరలూ మిఠాయిలూ అనుకున్నాను వదినగారూ" అన్నాను.

"మిఠాయిలు గూడ ఉన్నయి. తొట్టి కింద వెట్టిన, కదలకుంట."

లడ్డూలు కాస్త చితికాయి కానీ గాజు పగల్లేదు.

అవి డిస్కస్ చేపలు. అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. చేప అంటే పొడుగ్గా ఉంటుందనుకునేదాన్ని. ఇవి నిలబెట్టిన పళ్ళేల్లా గుండ్రంగా, పలచగా ఉన్నాయి. గోధుమరంగు ఒంటి మీద నీలం చారలు, సన్న కలంతో ఎవరో తీరిగ్గా గీసినట్టు. కోడలు డిగ్రీ చదివేటప్పుడు రూపాయి బిళ్ళంత పిల్లల్ని ఆరింటిని కొని పెంచిందట. ఈ రెండూ వాటంతట అవి జంట కట్టాయట. మిగిలిన నాలుగింటినీ తన దోస్తులకు పంచి, ఈ జంటను మాత్రం తనతో తెచ్చుకుంది.

తొట్టి పెట్టడానికి హాల్లో ఒక్కటే గోడ అనుకూలంగా ఉంది. ఆ గోడకు మా సోఫా ఉండేది. సోఫాను కిటికీ కిందకు జరిపాం. అక్కడ వాన జల్లు పడుతుంది. మావారు ఆ సంగతి రెండుసార్లు గుర్తుచేసి, తానే ఒక చివర పట్టుకుని జరిపారు.

మా ఇంట్లో నీచు వండరు. ఈ చేపలకు మేక గుండె, రొయ్యలు కలిపి రుబ్బిన ముద్ద కావాలి. కోడలు అది ఆదివారాలు పుట్టింట్లోనే చేసి, పలచటి బిళ్ళలుగా గడ్డకట్టించి, మూత గట్టిగా ఉన్న ఎర్ర డబ్బాలో తెచ్చి మా ఫ్రిజ్‌లో పైఅరలో పెట్టేది. నేను ఆ డబ్బాకు తెల్ల కాగితం అంటించి "చేపలకు" అని రాశాను. అయినా ఒకరోజు మావారు మూత తీసి చూస్తూంటే మా అబ్బాయి పట్టుకున్నాడు.

"నాన్నా, అది బీట్‌రూట్ హల్వా కాదు."

"తెలుసురా. అమ్మాయి చేపలు ఏం తింటున్నాయో చూస్తున్నాను" అన్నారాయన, మూత పెట్టకుండానే.

సెప్టెంబరులో చేపలు తిండి మానేశాయి. రంగు నల్లబడింది. మూలకు తల పెట్టి రెండూ అలాగే నిలబడ్డాయి. కోడలు తొట్టి ముందు గొంతుక్కూర్చుని నన్ను పిలిచింది.

"అత్తమ్మా, జర ఇటు చూడుండ్రి. కింద తెల్లగ దారం లెక్క వేలాడుతున్నది గదా? గట్ల ఉంటే కడుపుల పురుగున్నట్టు."

"మందేమిటి?"

"మనుషులకు విరేచనాలకు ఇస్తరు చూడుండ్రి, మెట్రోనిడజోల్. అదే. నలభై లీటర్లకు ఒక గోళీ. తొట్టి రెండు వందల డెబ్బై లీటర్లు. ఏడు గోళీలు వెయ్యాలె."

"రెండు వందల డెబ్బై అని ఎవరు చెప్పారు?"

"కొలిచిన. పొడుగు నూట ఇరవై, వెడల్పు నలభై అయిదు, ఎత్తు యాభై."

నేను కుట్టుపని టేపు తెచ్చాను. ఆమె కొలిచింది గాజు బయటి కొలత. గాజు మందం సెంటీమీటరు, రెండు వైపులా తీసేస్తే పొడుగు నూట పద్దెనిమిది, వెడల్పు నలభై మూడు. నీళ్ళు అంచు దాకా లేవు, నలభై దగ్గరే ఉన్నాయి. రెండు వందల మూడు లీటర్లొచ్చింది. గుడ్లు పెట్టడానికి బోర్లించిన పూలకుండీ, వడపోత స్పంజి ఆక్రమించిన చోటు మరో మూడు తీసేయమన్నాను.

"రెండు వందలు. అయిదు మాత్రలు" అన్నాను.

ఆమె టేపు వైపు, నా వైపు చూసింది. "ఇంకో రెండు గోళీలు ఎక్కువ వేస్తుంటినేమో నేను" అని మెల్లగా నవ్వింది. పెళ్ళయ్యాక మేమిద్దరం ఒకే పనిమీద కూర్చోవడం అదే మొదలనుకుంటాను. అంతవరకు వంటింట్లో "మీరుండండి", "నేను చేస్త" అనుకోవడమే సరిపోయింది.

నీటి వేడి ముప్పై రెండు డిగ్రీలకు పెంచాం. లైటు ఆర్పేశాం. మాత్రలు పొడిచేసి వేడినీళ్ళలో కరిగించి పోశాం. రోజు విడిచి రోజు, ప్రతిసారీ ముందు కొంత నీరు మార్చి, మళ్ళీ మందు. మూడో విడత అయ్యాక తెల్ల దారం పోయింది. మందు వాసన లాగేయడానికి కోడలు అక్వేరియం దుకాణం నుంచి నల్ల బొగ్గు తెచ్చి వడపోత సంచిలో వేసింది. సగం సంచి మిగిలితే నేను మూతి కట్టి దాచాను. దసరా నాటికి చేపలు ఆమె చేతిలోంచి ముద్ద లాక్కుని తింటున్నాయి.

దీపావళి తర్వాత పూలకుండీ మీద గుడ్లు పెట్టాయి. రెండు రోజుల్లో అన్నీ పాలిపోయి తెల్లబడ్డాయి. కోడలు పెద్దగా బాధపడలేదు. మొదటి కాన్పు అట్లనే ఉంటదంది. అయితే మన నీళ్ళు బరువనీ, అవి పుట్టిన అడవుల్లో వాగునీరు మెత్తగా, కొంచెం పులుపు తిరిగి ఉంటుందనీ చెప్పింది. గుడ్లకు బోరు నీళ్ళు అసలు పనికిరావు, బకెట్ల అంచున ఉప్పు పేరుకునే నీళ్ళవి. కుళాయిలో వచ్చే మంజీర నీళ్ళు పట్టి, క్లోరిన్ పోయేదాకా రెండు మూడు రోజులు నిలవ ఉంచి, అందులో ఎండిన బాదం ఆకులు నానబెడితే నీళ్ళు తేనీటి రంగు తిరిగి చేపలకు హాయిగా ఉంటాయట. కాలనీ పార్కు గోడ పక్కన బాదం చెట్టుంది. ఆకులకు కొదవలేదు.

నవంబరులో ఆమెకు మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి భవనంలో ఉద్యోగం వచ్చింది. పొద్దున ఎనిమిదింటికి పోతే మళ్ళీ చీకటిపడ్డాకే రావడం. ఆదివారం చేపల నీళ్ళు మార్చాలంటే అంతకుముందే నీళ్ళు పట్టి ఉంచాలి కదా అని ఆమె ఆలోచనలో పడింది.

"నేనున్నాను కదమ్మాయ్! నీళ్ళ సంగతి నాకు వదిలెయ్" అన్నారు మావారు.

ఆ మాటతో ఆయనకు ఉద్యోగం దొరికినట్టయింది. పొద్దున్నే నడకకు వెళ్ళి బాదం ఆకులు ఏరేవారు. చిరిగినవి వద్దని వదిలేసేవారు. ఇంటికి తెచ్చి రెండు వైపులా కడిగి, దండెం మీద ఆరేసేవారు. మా పక్కింటావిడ "ఏమండీ, విస్తళ్ళు కుడుతున్నారా?" అని అడిగింది. "మా కోడలి చేపలకండీ" అని ఆయన గొప్పగా చెప్పారు.

కోడలు అంతకుముందు బాల్కనీలో నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళు పట్టుకునేది. ఆయనకది నచ్చలేదు. ప్లాస్టిక్ వాసన అన్నారు. ఎండ పడి పాచి కడుతుందన్నారు. వంటింట్లో మా అత్తగారి కాలం నాటి పెద్ద రాగి బిందెలు నాలుగు వరసగా ఉండేవి. మంచినీళ్ళు వచ్చిన రోజున అవి నింపి, మూతపెట్టి, మర్నాటి నుంచి తాగేవాళ్ళం. రాత్రంతా రాగిలో నిలిచిన నీళ్ళు ఒంటికి మంచివని మా ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. ఆయన ఆ నాలుగు బిందెలూ చేపలకు కేటాయించేశారు. బాదం ఆకులు వేసి, పైన పలచటి గుడ్డ కట్టారు. మేము స్టీలు గిన్నెల్లో నీళ్ళు తాగడం మొదలుపెట్టాం. నీలం డ్రమ్ము నీళ్ళు అంట్లు తోమడానికి వెళ్ళాయి. ఆదివారం పొద్దున కోడలు లేచేసరికే నీళ్ళు మార్చడం అయిపోయి, ఆయన బనీను తడుపుకుని నిలబడి ఉండేవారు.

"ఆదివారమన్నా కాసేపు పడుకోనీ అమ్మాయిని" అనేవారు నాతో.

డిసెంబరులో చేపలకు మళ్ళీ బాగోలేదు. ఈసారి దవడల పక్కన రెప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. నీటి పైభాగానికి వచ్చి నిలబడుతున్నాయి. ఉన్నట్టుండి ఒరిగి పూలకుండీకి ఒళ్ళు రాసుకుని, మళ్ళీ పైకి పోతున్నాయి. మొప్పల్లో పురుగు పట్టిందంది కోడలు. దానికి వేరే మందు తెచ్చింది. ఆ మందు వేశాం. ఒకటి రెండు రోజులు నయమనిపించింది, ఆదివారం గడిచేసరికి మొదటికొచ్చింది.

"డోసు పెంచుదాం అత్తమ్మా" అంది సోమవారం సాయంత్రం, ఆఫీసు సంచి భుజం మీద ఉండగానే.

"తెల్ల దారం లేదు కదా? ముద్ద వేస్తే తింటున్నాయి కూడా. ఆదివారానికే ఎందుకు ఎక్కువవుతోంది?" అన్నాను.

"ఏమో! నాకేం సమజ్ అయితలేదు."

కూరగాయల కత్తిపీట ముందు నేను కూర్చుంటే ఆమె వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది. ఏడుస్తోందని కాసేపటికి తెలిసింది. ఏడుపుకు చప్పుడు లేదు.

"పరేషాన్ గాకు" అన్నాను. ఆమె మాటలే నా నోట్లోకి వచ్చాయి.

"నేను ఈ ఇంటికి తెచ్చుకున్నది గా రెండే అత్తమ్మా. బట్టలు, బంగారం అందరు తెస్తరు. మీరు సోఫా జరిపిండ్రు వాటి కోసం. అవి పోతే గా జాగల ఇగ ఏం పెడ్త? ఖాళీ తొట్టి పెట్టుకుంటనా?"

నేను బెండకాయలు తరగడం ఆపి ఆమె చేతిలో మంచినీళ్ళ గ్లాసు పెట్టాను. సోఫా సంగతి ఆమె అంతగా మనసులో పెట్టుకుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాడు పదకొండింటికి మావారు వంటింట్లోంచి కేకేశారు.

"ఇదిగో, ఇలా వచ్చి చూడు!"

వెళ్ళాను. ఖాళీ బిందె ఒకటి వెలుతురుకు వంచి పట్టుకుని ఉన్నారు.

"చింతపండు పెట్టలేదు, ఉప్పు పెట్టలేదు. ఎవరూ తోమలేదు. లోపల చూడు ఎలా మెరుస్తోందో! బాదం ఆకు మహిమ."

చూశాను. నీళ్ళు నిలిచినంత మేర బిందె లోపల కొత్త రాగిలా ఎర్రగా మెరుస్తోంది. పైన, నీళ్ళు తగలని మెడ దగ్గర, ఎప్పటి నలుపు అలాగే ఉంది. రెంటికీ మధ్య గీత గీసినట్టుంది.

మా అత్తగారు నాకు మొదటగా నేర్పిన విషయాల్లో ఒకటి, రాగి గిన్నెలో మజ్జిగ పోయకూడదని. పులుపు తగిలితే రాగి కరిగి చిలుమెక్కుతుంది, అది విషమవుతుంది. ఆ మాట మావారికీ తెలుసు. ఆవిడ కొడుకే కదా! కానీ మజ్జిగ వేరు, నీళ్ళు వేరు. నీళ్ళు పులుస్తాయని మాలో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. ఆకులేసి పులుపు తిప్పిన నీళ్ళను మూడు రోజులపాటు రాగిలో నిలవబెట్టి, వడగట్టి, ప్రతి ఆదివారం ఆ చేపల మీద పోస్తున్నాం. పోయిన నలుపంతా ఎక్కడికి పోయిందో నాకు అర్థమైంది.

ఆయనతో ఏమీ అనకుండా హాల్లోకి వచ్చి కోడలి ఆఫీసుకు ఫోన్ చేశాను. వేరెవరో ఎత్తి ఇంగ్లీషులో ఆగమన్నారు. తర్వాత ఆమె గొంతు వినిపించింది.

"ఏమైంది అత్తమ్మా? పోయినయా?"

"లేదు, ఉన్నాయి. రాగి చేపలకు చెరుపు చేస్తుందా?"

"మస్తు చెరుపు. మెత్తటి నీళ్ళల్ల అయితే మొప్పలు కాలిపోతయి. ఎందుకు?"

"మీ మామయ్య నీళ్ళు రాగి బిందెల్లో నానబెడుతున్నారు. ఆకులతో సహా."

ఫోన్లో ఆమె వెనకాల ఎవరో నవ్వడం, కుర్చీ జరగడం వినిపించాయి.

"నాకు తెల్వదు అత్తమ్మా" అంది చివరకు. "డ్రమ్ములనే పడుతుండ్రనుకున్న, బిందెల మీది గుడ్డ విప్పి చూడలే. మామయ్యకు చెప్పకుండ్రి."

"చెప్పకపోతే ఎల్లుండి మంచినీళ్ళు రాగానే మళ్ళీ బిందెలు నింపుతారు."

"మరి నేనొచ్చి చెప్త. మీరు చెప్తే లెక్క లాగ చెప్తరు."

అది నిజమే కాబట్టి నేను కాదనలేదు. ఏం చేయాలో చెప్పమన్నాను. డ్రమ్ములో ఉన్న పాత నీళ్ళు పనికొస్తాయా? వస్తాయంది. వేడి తొట్టిలో ఉన్నంతే ఉండాలి, ఒక్కసారిగా పోయకూడదు, సాయంత్రం దాకా కొంచెం కొంచెంగా మార్చాలి. ఎంత మార్చాలని అడిగితే సగమంది. సగం చొప్పున రెండుసార్లు మారిస్తే పాతది పావువంతే మిగులుతుంది, అలా చేయనా అన్నాను. చెయ్యమంది. మిగిలిన బొగ్గు వడపోతలో వేయమంది. ఆ సంచి ఎక్కడుందో నాకు తెలుసు.

ఫోన్ పెట్టి వెనక్కి తిరిగేసరికి మావారు వంటింటి గుమ్మంలో ఉన్నారు. చేతిలో బిందె అలాగే ఉంది.

"నేను మంచినీళ్ళే పోశానే" అన్నారు.

"మంచినీళ్ళే పోశారు" అన్నాను.

ఆయన బిందె కింద పెట్టి, లుంగీ ఎగ్గట్టి, బాల్కనీలో డ్రమ్ము దగ్గరకు నడిచారు. నేను గిన్నెలో నీళ్ళు వెచ్చబెట్టి కలిపి థర్మామీటరు చూసి ఇస్తే, ఆయన చెంబుతో తొట్టి గోడ వెంట జారవిడిచేవారు. ప్రతి చెంబుకూ ఆగి చేపల వైపు చూసేవారు. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే పెరుగు వద్దన్నారు. రెండో సగం అయ్యేసరికి సాయంత్రమైంది. చేపలు ఇంకా పైనే ఉన్నాయి. రెప్పల వేగం తగ్గిందో లేదో చెప్పడం కష్టం. నాకు తగ్గినట్టనిపించింది, కానీ నమ్మకంగా అనలేదు.

కోడలు ఆ రోజు సెలవడిగి తొందరగా వచ్చింది. చెప్పులు విడిచి, తొట్టి వైపు చూడకుండా, తిన్నగా ఆయన కూర్చున్న ముక్కాలిపీట పక్కన నేలమీద కూర్చుంది.

"మామయ్యా, మా ఇంట్ల ఉన్నప్పుడు నేను పరీక్షలకు పోతే మా నాయిన నీళ్ళు మార్చేటోడు. ఏం పోసేటోడో తెలుసా? బోరు నీళ్ళు. పైపు వెట్టి వదిలేసేటోడు."

ఆయన తలెత్తలేదు.

"మీరు తాగే బిందెలు ఇచ్చిండ్రు వాటికి. మీరేమో స్టీలు గిన్నెల తాగుతుండ్రు. నాకు ఇయ్యాలనే తెల్సింది."

"మీ నాన్నగారు తెలివైనవారమ్మా. ఆయన చేతిలో బాగానే ఉన్నాయి కదా" అన్నారాయన.

"తెలివి కాదు మామయ్యా, బద్ధకం."

ఆయన నవ్వడానికి కొంచెంసేపు పట్టింది. "మీ నాన్నగారితో అంటాను" అన్నారు.

"అనుండ్రి. నేను చెప్పిన అని చెప్పుండ్రి. ఇగ ఎల్లుండి నుంచి డ్రమ్ముల పట్టుండ్రి. ఆకులు మాత్రం మీరే ఏరాలె. గంత సాఫ్ ఆకులు నాకు దొరకవు."

నీళ్ళ పని ఆయన చేతిలోనే ఉంచింది. నేనైతే ఆ పని వెనక్కి తీసుకునేదాన్ని. లెక్క ప్రకారం అదే సరి అనుకునేదాన్ని.

నాలుగైదు రోజులకు చేపలు నీటి మధ్యకు దిగాయి. ఒళ్ళు రాసుకోవడం మానాయి. నీలం చారలు మళ్ళీ వెలిగాయి. రాగి బిందెలు తోమించుకుని తమ వరసలోకి తిరిగొచ్చాయి, మేము మళ్ళీ వాటిలో నీళ్ళు తాగాం. మావారు డ్రమ్ముకు నల్లగుడ్డ చుట్టి, పాచి కట్టకుండా నీడకు జరిపారు. ప్లాస్టిక్ వాసన లేదని ఒకరోజు తానే ఒప్పుకున్నారు.

ఫిబ్రవరిలో మళ్ళీ గుడ్లు పెట్టాయి. ఈసారి కొన్నే తెల్లబడ్డాయి. మిగిలినవి వణికి, తోకలు మొలిచి, ఒక పొద్దున పూలకుండీని వదిలి తల్లి వైపు ఈదాయి. ఈ చేపల పిల్లలకు బయటి తిండి పనికిరాదు. తల్లిదండ్రుల ఒంటి మీద ఊరే జిగురే వాటికి పాలు. నలుసుల్లా వచ్చి తల్లి పక్కకు అతుక్కున్నాయి. కాసేపటికి తల్లి ఒళ్ళు ఒక్కసారి విదిల్చి పక్కకు తప్పుకుంది. పిల్లలన్నీ గాభరాపడి తండ్రి ఒంటి మీదకు చేరాయి. అది కదలకుండా నిలబడింది.

కోడలు ఆఫీసుకు తయారై ఉండి కూడా కదల్లేదు. అబ్బాయి స్కూటర్ తాళం చేతిలో ఆడిస్తూ నిలబడ్డాడు. మావారు పీట మీద ముందుకు వంగి కూర్చున్నారు.

"చూశావా, తండ్రి కూడా పెడుతున్నాడు" అన్నారు.

"పెడతడు మామయ్యా. తల్లి అలిసిపోతే తండ్రి ఒంటి మీద తింటయి. ఇద్దరికీ ఊరుతది" అంది కోడలు.

ఆ పిల్లలు పెరుగుతున్న కొద్దీ తొట్టి ఇరుకైంది. మార్చి నెలాఖరుకు రెండో తొట్టి కావాలంది కోడలు. అడుగుతూనే గొంతు తగ్గించింది.

"ఎక్కడ పెడతాం? హాల్లో జాగా ఏదీ?" అన్నాడు అబ్బాయి.

నేను టేపు కోసం లేచాను. నేను కొలిచే లోపలే మావారు కిటికీ దగ్గరకు వెళ్ళి సోఫా ఒక చివర పట్టుకున్నారు.

"ఇది వరండాలోకి పోతుంది. రారా, రెండో చివర పట్టు" అన్నారు.